ఏడో గడిలో డి

"ఒక్క అక్షరం కూడా మార్చలేదు సార్," అంది చిట్టి.

ఆ మాటతో విచారణ గదిలో పొడుగుబల్ల వెనక కూర్చున్న నలుగురూ కుర్చీల్లో వెనక్కి వాలారు. మధ్యలో ఉన్న పెద్ద డాక్టరు కలం మూత తీసి ఏదో రాసుకున్నాడు. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాలుగో వార్డు సిస్టర్ మాత్రం చిట్టి వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ తన చేతుల వైపు చూసుకుంది.

చిట్టి అబద్ధం చెప్పలేదు. ఆసుపత్రి పాత మిషన్ మీద ముప్పయ్యేళ్ళుగా నడుస్తున్న నాలుగువందల పన్నెండు ప్రోగ్రాముల్ని కొత్త సర్వరు మీదికి తెచ్చింది తనే. పాత మిషన్‌కి విడిభాగాలు దొరకడం మానేసి చాలాకాలమైంది. లోపలి ఫ్యాను ఆగిపోతే బయట టేబుల్ ఫ్యాను పెట్టి నెట్టుకొచ్చేవాళ్ళు. కొత్త సర్వరు మీద పాత మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టి, దానిమీద పాత ప్రోగ్రాముల్ని నడపొచ్చు. కానీ అది నత్తనడక. అలా కాకుండా సర్వరు సొంత కంపైలరుతో, అంటే మనిషి రాసిన ప్రోగ్రాముని ఆ మిషన్ భాషలోకి మార్చే సాధనంతో, అన్నిటినీ మళ్ళీ తయారుచేసుకుంటే గుర్రాల్లా పరిగెత్తుతాయి. ఆ రెండో దారే పట్టారు. ఏడు నెలలు పట్టింది. చిట్టికి కళ్ళకింద నలుపూ వచ్చింది, ఆసుపత్రి కంప్యూటరు ఆఫీసులో 'కంపైలరమ్మ' అని పేరూ వచ్చింది.

కొత్త సర్వరు మొదలైన పంతొమ్మిదో రోజున ఈ విచారణ.

నాలుగో వార్డులో ఒక బస్సు డ్రైవరు. కాలి పుండు చీము పట్టి చేరాడు. తొమ్మిది రోజులు ఒక గట్టి ఇంజెక్షన్ ఇచ్చారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆ మందు సగమే ఇవ్వాలి. నిండుగా ఇస్తే చెవులు పోతాయి, ఉన్న కాస్త కిడ్నీలూ పోతాయి. ఆయనవి బలహీనమైన కిడ్నీలే. ఆయనకి నిండుగానే పడింది. పదో రోజు పొద్దున్న లేచి, "ఏంటి, వార్డంతా ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అని అడిగాడట.

మోతాదు లెక్కకట్టేది డాక్టరు కాదు. డాక్టరు మందు పేరూ, రోగి బరువూ, రక్తపరీక్షలో వచ్చిన కిడ్నీ అంకే రాస్తాడు. మందుల గదిలో కంప్యూటరు లెక్కకట్టి చిన్న లేబుల్ అచ్చువేస్తుంది. దాన్ని సీసాకి అంటించి పంపుతారు. లేబుల్ మీద ఎంతుంటే అంత సిస్టర్ సిరంజిలోకి లాగుతుంది, మిగిలింది పారబోస్తుంది, చార్టులో 'ఇచ్చాను' అని టిక్కు పెడుతుంది. ఖాళీ సీసాతోపాటే లేబులూ చెత్తబుట్టలోకి పోతుంది. కిడ్నీ రోగులకి కంప్యూటరే సగం చేస్తుందని ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. మరి నిండుగా ఎలా పడింది? సిస్టర్ లేబుల్ సరిగ్గా చూడకుండా సీసా మొత్తం ఎక్కించి ఉండాలని విచారణవాళ్ళు అనుకున్నారు.

"లేబుల్లో అదే ఉంది సార్," అని సిస్టర్ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అందుకే కంపైలరమ్మని పిలిచి అడిగారు, ప్రోగ్రాములో ఏమన్నా మారిందా అని. ఆమె వచ్చేముందు ప్రోగ్రాము తెరిచి చూసుకునే వచ్చింది. కిడ్నీ అంకె ఇంత దాటితే మోతాదు సగం చెయ్యి అన్న లైను స్పష్టంగా ఉంది. ఉన్నదే చెప్పింది.

*

"సిస్టర్‌ని తీసేస్తున్నారటగా?" అంది అమ్మ ఆ సాయంత్రం, టీ గ్లాసు అందిస్తూ.

చిట్టి అమ్మ అదే ఆసుపత్రి ఇస్త్రీ గదిలో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చలు మెట్లలా ఉంటాయి. ఆ మెట్లమీదే చిట్టి డిగ్రీ దాకా ఎక్కింది.

"విచారణే పూర్తవలేదు. తీసెయ్యడమేంటి?"

"మీ విచారణకంటే ముందే మా ఇస్త్రీ గదికి తీర్పు వచ్చేస్తుందే. దుప్పట్లతోపాటే వస్తుంది. అది సరే, నువ్వేం చెప్పావు?"

"ఉన్నది చెప్పాను. సగం చెయ్యమని ప్రోగ్రాములో రాసుంది. నా కళ్ళతో చదివాను."

"రాసుంటే అయిపోయిందా? మా గోడమీదా రాసుంది, 'చేతితొడుగులు విధిగా ధరించవలెను' అని. ఇంతింత అక్షరాలతో. తొడుగులేవీ?" అని చెయ్యి చాపి చూపించింది అమ్మ. "చదవడం కాదే. చేయించి చూశావా?"

"అమ్మా, అది గోడ కాదు, కంప్యూటరు."

"నాకేం తెలుసు తల్లీ, నేను చదువుకున్నదాన్నా! ఆ సిస్టర్ నోట ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం వినలేదు, అందుకని అడిగా."

చిట్టి టీ గ్లాసు అలాగే పక్కన పెట్టేసింది.

*

మర్నాడు బుధవారం. అందరికంటే ముందొచ్చి, డ్రైవరు బరువూ, కిడ్నీ అంకే, మందు పేరూ కొట్టి లేబుల్ వేయించింది.

నిండు మోతాదు వచ్చింది.

ఏదో తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టింది. నిండు. మూడోసారి వేలు పెట్టి ఒక్కొక్క అంకె సరిచూసుకుంటూ కొట్టింది. నిండు. అంతా మానేసి మందుల గదికి ఫోన్ చేసి, "ఆ ఇంజెక్షన్‌కి కంప్యూటరు లేబుల్ వాడకండి, నేను చెప్పేదాకా డాక్టరునే అడిగి చేత్తో రాయండి," అని చెప్పింది. ఎందుకని అడిగితే, "తర్వాత చెప్తా," అని పెట్టేసింది.

ప్రోగ్రాము తెరిచింది. లైను ఉంది. నిన్న చదివిన లైనే. నిన్న చూడనిది ఇవాళ చూసింది.

ఈ పాత ప్రోగ్రాముల్లో ప్రతి లైనుకీ మొదటి ఆరు గడులూ లైను నంబరుకి. ఏడో గడి మామూలుగా ఖాళీ. ఈ లైనుకి మాత్రం ఏడో గడిలో 'డి' అని ఒక్క అక్షరం ఉంది. కాలేజీ పుస్తకంలో దీనిగురించి అర పేజీ ఉంటుంది, పరీక్షలో ఎప్పుడూ రాదు. డి అంటే డీబగ్. తప్పులు వెతుక్కోవడానికి తాత్కాలికంగా రాసుకున్న లైను. 'ఇవి కూడా కలుపు' అని విడిగా ఒక స్విచ్చి వేస్తేనే కంపైలరు దాన్ని పట్టించుకుంటుంది. వెయ్యకపోతే పక్కింటి గొడవలా చూసీచూడనట్టు దాటిపోతుంది. తప్పని చెప్పదు, హెచ్చరించదు.

ఒక మనిషి చెవులకి సంబంధించిన లైనుకి ఆ అక్షరం ఎవరు పెట్టారు?

*

ఆ ప్రోగ్రాములు రాసినాయన్ని ఆఫీసులో ఇప్పటికీ పెద్దసారు అంటారు. రిటైరై ఆరేళ్ళు. రెండు బస్సు స్టాపుల అవతల ఒక గదిలో ఉంటాడు. చిట్టి వెళ్ళేసరికి భూతద్దం కళ్ళకి ఆనించుకుని పాత రేడియో లోపల వైర్లు అతికిస్తున్నాడు.

"ఎవరూ? కంపైలరమ్మా? రా రా. నా పిల్లలు ఎలా ఉన్నారు? కొత్తింట్లో బుద్ధిగా ఉంటున్నారా?"

"సార్, మోతాదు ప్రోగ్రాములో కిడ్నీ లైనుకి ఏడో గడిలో డి పెట్టారు. ఎందుకు?"

"డి అంటే డాక్టరు," అన్నాడాయన తేలిగ్గా.

"పుస్తకంలో డి అంటే..."

"పుస్తకం నేనూ చదివానమ్మా. విను. డాక్టర్లు వరండాలో నడుస్తూ నడుస్తూ నోటిమాటగా చెప్పేవాళ్ళు. 'ఇదిగో, ఆ మందు కిడ్నీవాళ్ళకి సగం చెయ్యవయ్యా' అని. కాగితం మీద రాసివ్వండి అంటే రేపు అనేవాళ్ళు. కాగితం లేకుండా ప్రోగ్రాము మారిస్తే నా ఉద్యోగం పోతుంది. మార్చకపోతే రోగి పోతాడు. అందుకని డి పెట్టి రాసేసేవాణ్ణి. రేపెవరైనా నిలదీస్తే, పరీక్ష కోసం రాసుకున్నానండీ అని తప్పించుకోవచ్చు. కాగితం చేతికొచ్చాక డి తీసేద్దామని."

"వచ్చిందా?"

"ఇరవై ఏళ్ళుగా వస్తూనే ఉంది," అని నవ్వాడు.

"మరి స్విచ్చి?"

"అది ప్రోగ్రాముల్లో పెట్టలేదుగా! పాత మిషన్లో కంపైలరుని పిలిచే చోటే వేసి పడేశాను, అన్నిటికీ కలిపి. దాన్ని మళ్ళీ ఎప్పుడూ తియ్యలేదు. నువ్వు..." పెద్దసారు చెయ్యి వైరు మీద ఆగిపోయింది. "నువ్వు ప్రోగ్రాములే తీసుకెళ్ళావు కదూ. స్విచ్చి అక్కడే ఉండిపోయింది కదూ."

చిట్టి తల ఊపింది. ఆయనకి సరిగ్గా కనపడదని గుర్తొచ్చి, "అవును సార్," అంది.

"ఎవరికైనా ఏమన్నా అయిందా?"

చెప్పింది. ఆయన భూతద్దం తీసి రేడియో పక్కన పెట్టాడు.

"రిటైరైన రోజున సభ పెట్టారు. గంటన్నర పొగిడారు. ఆ గంటన్నరలో డి అంటే ఏమిటని ఒక్కడూ అడగలేదు," అన్నాడు. "నేను మాత్రం నోరు విప్పి చెప్పానా! లేదు," అన్నాడు.

*

ఆఫీసుకి తిరిగొచ్చి ముందు చెయ్యాల్సింది ముందు చేసింది. కొత్త కంపైలరుకి ఆ స్విచ్చి వేసి, ఏడో గడిలో డి ఉన్న ప్రోగ్రాములు తొమ్మిదింటినీ మళ్ళీ తయారుచేసింది. డ్రైవరు అంకెలు కొట్టి చూసింది. సగం వచ్చింది. పన్నెండున్నర అయింది. ఇక ఆ గంట నుంచి ఎవరికీ తప్పు లేబుల్ వెళ్ళదు.

తర్వాత, తెరవడానికి భయపడుతున్న ఫైలు తెరిచింది. మార్పుకి ముందు ఒక నెల రోగుల వివరాల్ని పాత మిషన్ మీదా కొత్త సర్వరు మీదా నడిపి, రెండు ఫలితాల్ని పక్కపక్కన పెట్టి పోల్చిన ఫైలది. రెండువేల మందిలో పదకొండుమందికి తేడా వచ్చింది. ఆ రోజు మొదటి నాలుగూ చూసింది. అన్నీ దశాంశం తర్వాత ఒక అంకె అటూ ఇటూ. అప్పటికి పావుతక్కువ అయిదు. రిపోర్టు అయిదింటికి పైకి వెళ్ళాలి. 'మొత్తం పదకొండూ దశాంశ తేడాలే, ఫలితాలు సమానం' అని రాసి సంతకం పెట్టింది.

ఇప్పుడు కిందిదాకా జరిపి చూసింది. ఏడో పేరు దాకా దశాంశాలే. ఎనిమిది నుంచి పదకొండు దాకా పాతది సగం, కొత్తది నిండు. నలుగురు కిడ్నీ రోగులు. తన కళ్ళెదుటే ఉన్నారు. ఒక్క అంగుళం కిందికి జరపలేదు.

టీమ్ లీడరుని ఆఫీసులో వెనకాల గడియారం సారు అంటారు. ప్రతి మాటకీ టైం చూసుకుంటాడు. ఆయన అంతా విన్నాడు. ఈసారి మాత్రం టైం చూసుకోలేదు.

"సరిచేశావా?"

"చేశాను సార్."

"ఇక ముందు ఎవరికీ హాని లేదు."

"లేదు."

"అంతే కదా కావాల్సింది." తలుపు దగ్గరికి నెట్టి వచ్చి కూర్చున్నాడు. "చూడమ్మా, ఆ సిస్టర్‌కి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. నీకింకా ముప్పయ్యేళ్ళ బతుకుంది. మీ అమ్మ ఆ ఇస్త్రీ గదిలోంచి ఎప్పుడు బయటపడాలి? రిపోర్టు కింద సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"దానిపైన నాది కూడా ఉంది. దాచడమెందుకు, నా గురించి కూడా మాట్లాడుతున్నా. శుక్రవారం పాత మిషన్‌ని పాతసామాన్లవాడు లారీలో వేసుకుపోతాడు. ఆ తర్వాత దేన్ని దేనితో పోల్చాలన్నా ఎవరి తరమూ కాదు. నీ దగ్గరున్న ఆ ఫైలు ఒక్కటీ..." అని మాట మధ్యలోనే మింగేశాడు.

"సిస్టర్ ఏమీ చెయ్యలేదు సార్."

"నువ్వు మాత్రం కావాలని చేశావా?"

చిట్టి తలుపు తీసింది. బయటికొచ్చి నాలుగో వార్డు వైపు నడిచింది. ఎందుకు నడిచిందో తనకే తెలియదు. డ్రైవరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చెవి దగ్గర నోరు పెట్టి, "మాత్ర వేసుకున్నావా?" అని అరుస్తోంది. ఆయన నవ్వుతూ చేత్తో అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ రెండో చెవి దగ్గరికెళ్ళి అదే మాట ఇంకా గట్టిగా అరిచింది. పక్కమంచం వాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

చిట్టి గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

సీట్లో కూర్చుని ఒక జాబితా తీసింది. ఈ పంతొమ్మిది రోజుల్లో ఆ మందు పడిన కిడ్నీ రోగులు ఎవరెవరు? మూడు వరసలు వచ్చాయి. నాలుగో వార్డు, డ్రైవరు. రెండో వార్డు, ఒకావిడ. మూడు రోజులే ఇచ్చి ఆపారు, ఇంటికి వెళ్ళిపోయింది. ఏడో వార్డు, దర్జీ, వయసు ముప్పై నాలుగు. ఇంటికి వెళ్ళిన తేదీ ఉండాల్సిన గడిలో తేదీ ఉంది, పక్కన ఇంకో గుర్తు ఉంది. పోయాడు. ఆరు రోజులైంది. కారణం, కిడ్నీలు పూర్తిగా ఆగిపోవడం.

ఎవరికీ అనుమానం రాలేదు. కిడ్నీ జబ్బుతో వచ్చినవాడు కిడ్నీ జబ్బుతోనే పోయాడనుకున్నారు.

మూడు వార్డులు, ముగ్గురు వేరువేరు సిస్టర్లు. ముగ్గురూ ఒకే తప్పు చేశారంటే ఎవరూ నమ్మరు. సిస్టర్‌ని ఒడ్డున పడేసేది ఈ జాబితాయే. కానీ దీన్ని బల్లమీద పెడితే మూడో వరస కూడా బల్లమీదికొస్తుంది. చెవులు పోయాయన్న మాట, మనిషి పోయాడన్న మాటగా మారుతుంది.

జాబితా నాలుగు కాపీలు అచ్చువేసింది. పాత మిషన్ మీద ముగ్గురి అంకెలూ నడిపి ఆ ఫలితాలూ, పదకొండు తేడాల ఫైలూ దానికి జతచేసింది. స్టేప్లరు పిన్ను రెండుసార్లు వంకర పోతే మళ్ళీ కొట్టింది.

*

గురువారం పదిన్నరకి విచారణ గదిలో తనే చెయ్యెత్తి నిలబడింది.

"మొన్న నేను చెప్పింది మీరు రాసుకున్నారు సార్. అది కొట్టెయ్యాలి."

"ఒక్క అక్షరం మార్చలేదన్నావు," అన్నాడు పెద్ద డాక్టరు.

"మార్చలేదు. కానీ పాతచోట పనిచేసిన లైను కొత్తచోట పనిచెయ్యలేదు. లైను ఉందని చదివానే గానీ నడిపి చూడలేదు. లేబుల్లో నిండు మోతాదే వచ్చింది. సిస్టర్ చెప్పిందే నిజం. తేడాలు ముందే నా చేతికొచ్చాయి. చివరిదాకా చూడకుండా సమానం అని సంతకం పెట్టాను."

కాగితాలు పంచింది. గడియారం సారు కిటికీ వైపు చూస్తున్నాడు. ఒక్కొక్కరే పేజీ తిప్పారు. పెద్ద డాక్టరు మూడో వరస దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడో వార్డు దర్జీ నా పేషెంటు," అన్నాడు నెమ్మదిగా. "కిడ్నీలు ముందే చెడిపోయాయని వాళ్ళన్నయ్యకి నేనే సర్దిచెప్పి పంపాను."

తర్వాత ఆయనే తలెత్తి, "సిస్టర్, మీరు డ్యూటీకి వెళ్ళండి," అన్నాడు. గడియారం సారునీ చిట్టినీ గుర్తింపు కార్డులు ఇచ్చేసి, పిలిచేదాకా ఆసుపత్రి పనిలోకి రావద్దన్నాడు. క్షమాపణ మాట ఏదీ ఆ గదిలో వినపడలేదు.

వరండాలో సిస్టర్ ఆగి ఉంది. చిట్టి ఆమె దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఏడో వార్డు సిస్టర్ మా బ్యాచిదే. దర్జీ సంగతి దానికి తెలుసా?" అంది సిస్టర్.

"ఇంకా లేదండీ."

"నేను చెప్తాను. ఆ మందు తన చేత్తోనే ఎక్కించింది. వేరేవాళ్ళ నోట వింటే కుప్పకూలిపోతుంది." తర్వాత చిట్టిని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. రెండు రోజులపాటు ఒకటే మాట చెప్పాను, లేబుల్లో అదే ఉందని. గోడకి చెప్పుకున్నట్టయింది. నువ్వొచ్చి ఒక్కసారి చెప్పావు. అంతే, రాసేసుకున్నారు."

"సిస్టర్, నన్ను..."

"నాకొద్దు. చెప్పాల్సింది నాకు కాదు. పద."

నాలుగో వార్డులో డ్రైవరు పడుకుని పైకప్పు చూస్తున్నాడు. వాళ్ళని చూసి లేచి కూర్చున్నాడు. భార్య స్టూలు మీంచి లేచింది. చిట్టి ఏదో అనబోయింది.

"ఆయనకి వినపడదు. రాసివ్వు," అంది సిస్టర్, జేబులోంచి కలమూ చార్టు కాగితమూ తీసిస్తూ.

చిట్టి మంచం చివర కూర్చుని రాసింది. మందు ఎంతివ్వాలో చెప్పే కంప్యూటరు తప్పు చెప్పిందనీ, ఆ తప్పు తను చూసుకోకపోవడం వల్ల జరిగిందనీ, సిస్టర్ తప్పేమీ లేదనీ రాసింది. పెద్ద మాటలు పెట్టలేదు. ఆయన కాగితం దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదివాడు. చదివి మడిచాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"అయితే తప్పెక్కడుందో దొరికిందన్నమాట!" అన్నాడు గట్టిగా. తన గొంతు తనకి వినపడక వార్డంతా మోగేలా అన్నాడు. "మరింకేం! బాగుచేసేశారుగా. ఎప్పటికి వినపడుతుంది నాకు? మళ్ళీ నెలలో లైసెన్సుకి పరీక్షుంది."

పక్కమంచాల వాళ్ళంతా ఇటు తిరిగారు. చిట్టి సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ తల అడ్డంగా ఊపింది. "రాయి," అంది. "ఆశపెట్టే మాటలు మాత్రం రాయకు."

చిట్టి కాగితం తిరగేసి, ఇక వినపడదని రాసింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. తను సరిగ్గా చదవలేదేమో అన్నట్టు దాన్ని భార్యకి అందించాడు. ఆవిడ కళ్ళతో చదువుకుని, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ ఆయన చెవి దగ్గరికి వంగి, ఆ మాట పైకి చదివింది. ఆయన ఆవిడ నోటి వైపే చూస్తూ ఉన్నాడు.